నిమ్మకాయలు దాటేవరకు

నేను ఒక బ్రేకు సిలిండర్ని. ఈ మాట వినగానే మీలో సగం మంది పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. ఇంజను తన కథ చెప్పుకుంటానంటే చుట్టూ మూగుతారు, ఆఖరికి హారను చెప్పుకున్నా వింటారు. పరుగెత్తించేవాడికి దండలు, ఆపేవాడికి తిట్లు. మనుషులు పెట్టుకున్న పద్ధతి ఇది. కారు కొనడానికి వచ్చిన ప్రతివాడూ ఎంత స్పీడు పోతుందని అడుగుతాడు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగినవాణ్ణి ఇన్నేళ్లలో ఒక్కణ్ణే చూశాను. ఆ పెద్దమనిషి కారు కొనకుండానే వెళ్లిపోయాడు.

జానెడు పొడవుండే పోత ఇనుము గొట్టాన్ని నేను. లోపల నున్నటి బోలు, అందులో ముందుకీ వెనక్కీ జరిగే పిస్టను, దాని నెత్తిన చిన్న రబ్బరు కప్పు, దాన్ని వెనక్కి నెట్టే స్ప్రింగు. అంతే నా సంసారం. డ్రైవరు పెడలు తొక్కితే పిస్టను నాలో ఉన్న ఆయిలును తోస్తుంది. ఆ తోపు సన్నటి పైపుల గుండా నాలుగు చక్రాలకీ చేరి వాటిని బిగించి పట్టుకుంటుంది. ఆయిలుకి ఒక మంచి గుణం ఉంది, ఎంత నొక్కినా నలగదు. గాలి అలా కాదు. పైపుల్లో కాస్త గాలి చిక్కుకుందంటే చాలు, తొక్కిన తొక్కంతా అదే మింగేసి కూర్చుంటుంది, చక్రాలకి కబురే అందదు. అందుకే కొత్తగా ఆయిలు పోసినప్పుడల్లా ఒక్కొక్క చక్రం దగ్గరా నట్టు వదులు చేసి గాలి తీయాలి. గొప్ప విద్యేమీ కాదు, ఓపికుంటే ఎవరైనా చెయ్యొచ్చు.

నేను పుట్టింది ఇంగ్లండులో, పొగకి ఆకాశం మసిగుడ్డలా కనిపించే ఒక ఊళ్లో. కరిగించిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి నన్ను తీశారు. ఒక ముసలి కార్మికుడు నాలో ఆయిలు నింపి, ఒత్తిడి పెట్టి, ఎక్కడా కారడం లేదని చూసుకుని, వేలితో ఒకసారి తట్టి పక్కన పెట్టాడు. నన్నెవరైనా మెచ్చుకున్నారంటే అప్పుడే. తర్వాత ఒక ఆకుపచ్చ స్పోర్ట్స్ కారులో, డ్రైవరు పాదాల కింద చీకట్లో బిగించారు. రెండే సీట్లు, పైన టాపు లేదు, పొడుగాటి ముక్కు. చూసినవాళ్లంతా ఆ ముక్కునే చూసి మురిసిపోయేవారు.

ఓడలో విశాఖపట్నం రేవుకి వచ్చాం. భీమిలి వైపు ఒక జూటు మిల్లులో మేనేజరుగా ఉన్న దొర మమ్మల్ని తెప్పించుకున్నాడు. సముద్రం పక్క రోడ్డు మీద టోపీ ఎగిరిపోయేంత జోరుగా నడిపేవాడు. మేకలు అడ్డం వస్తే నన్ను తొక్కి, మేకల్ని తిట్టేవాడు. అవి బతికింది నా వల్లనని ఆయనకీ తోచలేదు, మేకలకీ తోచలేదు. కొలువు చాలించి దేశం వెళ్లిపోతూ కారును వరహాలరాజు గారికి అమ్మేశాడు.

వరహాలరాజు గారు కాంట్రాక్టరు. వాల్తేరు అప్‌లాండ్స్‌లో ఎత్తు మీద ఇల్లు కట్టుకున్నారు. ఆయనకి ఒక కూతురు, ఒక కొడుకు. కొడుకు జగ్గరాజు అప్పటికి నిక్కర్లు వేసుకునే వయసువాడు. కూతురు రత్నాయమ్మ కాలేజీలో చేరింది. ఆడపిల్లకి కారు నేర్పడమేమిటని బంధువులు చెవినిల్లు కట్టుకుని పోరారు. ఆయనకి కూతురి మీద ప్రేమ ఎంతో బంధువుల మీద మంటా అంతే. వాళ్లు వద్దన్నందుకే పట్టుబట్టి నేర్పించారు.

ఆ అమ్మాయి పాదం నాకు బాగా తెలుసు. మెత్తగా మొదలుపెట్టి, గట్టిగా నొక్కి, బండి పూర్తిగా ఆగేదాకా వదిలేది కాదు. టపటపా పదిసార్లు తొక్కడం వాళ్ల నాన్నగారికి గిట్టదు. "ఒక్కసారి తొక్కు. ఆగేదాకా పట్టుకునే ఉండు. నీ మీద నీకు నమ్మకం లేకపోతేనే మళ్లీ మళ్లీ తొక్కుతావు" అనేవారు. ఆ మాట ఆ పాదంలోకి ఇంకిపోయింది. అంత చక్కగా నన్ను వాడినవాళ్లు ఇంకెవరూ లేరు. దొర తొక్కితే నాకు ఒళ్లు మండేది, ఆవిడ తొక్కితే నా పని నేను చేసుకుంటున్నట్టు ఉండేది.

కొన్నేళ్లకి నా రబ్బరు కప్పు అరిగి ఆయిలు కారడం మొదలైంది. విదేశీ సామాను దేశంలోకి రావడం గగనమైన రోజులవి. నన్ను విప్పి కంచరపాలెంలో అప్పన్న అనే మెకానిక్కు షాపుకి పంపారు. ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అంటూ కప్పుల కోసం చూశారు. అవి రాలేదు. ఈలోగా వరహాలరాజు గారు పోయారు. కారును షెడ్డులో ఇటుకల మీదికి ఎక్కించి గోనెసంచులు కప్పేశారు. నన్ను అడగడానికి ఎవరూ రాలేదు. అప్పన్న కూడా పోయి, షాపు అతని కొడుకు పైడయ్య చేతికి వచ్చేసరికి నేనేమిటో, ఎవరి వస్తువునో తెలిసినవాళ్లు ఆ షాపులో లేకుండా పోయారు.

మనుషులు ఏ వస్తువునైనా ఊరికే ఉండనివ్వరు. సముద్రపు గాలికి షాపు తలుపు కొట్టుకుంటుంటే పైడయ్య నన్ను దాని కింద అడ్డం పెట్టాడు. స్పోర్ట్స్ కారును నిలబెట్టినవాణ్ణి తలుపును నిలబెట్టాను. వానాకాలంలో తుప్పు పట్టాను, ఎండాకాలంలో దుమ్ము పట్టాను. వచ్చేపోయేవాళ్లు కాలితో తన్నుకునేవాళ్లు, తన్నుకుని నన్నే తిట్టేవాళ్లు. అలా ఎంతకాలం పడి ఉన్నానో లెక్క పెట్టుకునే ఓపిక కూడా పోయింది.

ఆ ఇంట్లో జరిగిన సంగతులు నేను తర్వాత విన్నవి. రత్నాయమ్మ పెళ్లి చేసుకోలేదు. ఆడపిల్లల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయింది. జగ్గరాజు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, భార్య పోయాక వచ్చి అక్క దగ్గరే ఉండిపోయాడు. అప్పుడు ఆవిడ కళ్లలో నీటికాసులు బయటపడ్డాయి. కంట్లో నీటి ఒత్తిడి పెరిగిపోయి చూపు నరాన్ని నొక్కేసే జబ్బది. మొదట పక్కల చూపు పోతుంది, ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కొంతకాలం కనిపిస్తుంది, ఆ తర్వాత అదీ పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. పూటపూటా చుక్కల మందు వేసుకుంటే మిగిలిన చూపు కొన్నాళ్లు నిలబడుతుందని డాక్టరు చెప్పాడు. ఒత్తిడి పెరిగి చెడేది ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది. నా లోకంలో ఒత్తిడి లేకపోవడమే ప్రమాదం.

ఏం కావాలో చెప్పక్కయ్యా అని తమ్ముడు అడిగితే ఆవిడ తీర్థయాత్రలు అడగలేదు. "ఆ కారు కదిలితే చూడాలనుందిరా, జగ్గూ. నేను స్టీరింగు పట్టుకుని ఉండగా కదలాలి. కళ్లుండగానే" అంది.

జగ్గరాజు ఆ మాటను నెత్తిన పెట్టుకున్నాడు. షెడ్డు తెరిపించాడు. ఇంజను బాగుచేయించడం తేలికే అయింది, రంగు ఇంకా తేలిక. మనుషులు ఎక్కడైనా ముందు రంగు వేయిస్తారు. తీరా చూస్తే బ్రేకు సిలిండరు ఉండాల్సినచోట ఖాళీ. వరహాలరాజు గారు దాన్ని ఎక్కడికి పంపారో అక్కాతమ్ముళ్లకి తెలియదు. అక్కణ్ణుంచి మొదలైంది వేట. పాత కార్ల సంఘాలకి ఉత్తరాలు, మద్రాసుకి ఫోన్లు, కలకత్తాకి ఫోన్లు, రాత్రింబవళ్లు కంప్యూటరు ముందు కూర్చోవడం. ఇంగ్లండు నుంచి ఒకాయన నా బొమ్మే చూపించి వేరే కారు సిలిండరు పంపాడు. ఇంకొకాయన తన దగ్గర ఉందని ఊరించి, ఉన్నది తన కారుకే సరిపోతుందని తేల్చాడు. అన్నీ అయ్యాక, దొరకదని ఒప్పుకుని, కొత్తది తయారు చేయించడానికి కంచరపాలెం వచ్చాడు. పైడయ్య షాపు గడప దాటుతూ నన్ను తన్నుకున్నాడు.

"అబ్బా! ఏమిటయ్యా ఇది?" అని కాలు పట్టుకుని కూలబడ్డాడు.

"దెబ్బ తగిలినాదేటి బాబుగారూ? సూసుకోవాల. అది మా అయ్య కాలం నుంచీ ఉన్నాదండి. ఏటో పాత ఇనుము, తలుపుకి అడ్డమెట్టేవోళ్లం" అన్నాడు పైడయ్య.

జగ్గరాజు బొటనవేలు రక్తం కారుతుంటే అలాగే కూర్చుని నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. నా పక్క మీది దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, ఫోనులో బొమ్మ చూసి, మళ్లీ నన్ను చూసి, గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకి పైడయ్య భయపడ్డాడు. ప్రపంచమంతా వెతికినది తన ఇంటికి ఆమడ దూరం కూడా లేనిచోట, ఇంజను పని మీద తను నాలుగైదుసార్లు దాటుకుంటూ పోయిన గడపలో పడి ఉంది మరి. పైడయ్య విషయం తెలిశాక మొహం చిన్నబుచ్చుకున్నాడు. తండ్రి చేతికి అప్పగించిన వస్తువు తలుపు కింద పడేశానని సిగ్గు. నన్ను తనే బాగుచేస్తానని, పైసా పుచ్చుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. జగ్గరాజు పుచ్చుకుని తీరాలన్నాడు. ఆ పేచీ ఎప్పటికీ తెమల్లేదు.

పైడయ్య యాభై దాటిన మనిషి. పనిమంతుడే గానీ తొందర ఎక్కువ, మాట ఇంకా ఎక్కువ. నా లోపల తుప్పుకి గుంటలు పడ్డాయి. లేతు మిషను మీద నా బోలు వెడల్పు చేయించి, అందులో ఇత్తడి గొట్టం దిగ్గొట్టించాడు. మళ్లీ లోపల నున్నగా మెరిశాను. నిజం చెప్పొద్దూ, కొత్త పెళ్లికొడుకులా నాకే గర్వం వచ్చింది. అయితే నా గోడకి గుండుసూది పట్టేంత సన్నటి రంధ్రం ఒకటుంటుంది, పెడలు వదిలాక ఆయిలు ఆ దారినే పైనున్న ఆయిలు డబ్బాలోకి తిరిగి వెళుతుంది. ఇత్తడి గొట్టానికి ఆ రంధ్రం వేయడం మరిచిపోయారు. తొక్కితే చక్రాలు పట్టుకున్నాయి, వదిలినా వదల్లేదు. విప్పి రంధ్రం వేశారు. వేసినచోట అంచు గరుకుగా ఉండిపోయి కొత్త రబ్బరు కప్పును చీరేసింది. అలాంటి కప్పులు మళ్లీ వచ్చేసరికి దసరాలు వచ్చేశాయి. ఇంతలో రత్నాయమ్మ గడియారంలో రెండు ముళ్లూ ఒకేసారి చూడలేని స్థితికి వచ్చింది.

దుర్గాష్టమి నాడు నన్ను కారులో బిగించారు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ నా చీకట్లోకి వచ్చాను. ఆయిలు పోశారు. జగ్గరాజు పెడలు తొక్కుతుంటే పైడయ్య ముందు చక్రాలకి గాలి తీశాడు. వెనక చక్రాల దగ్గర నట్టు తుప్పుకి పట్టేసి కదల్లేదు. గట్టిగా తిప్పితే విరిగిపోతుంది, వేడి చేసి తీయాలి. చేతిబ్రేకు తీగ కూడా తెగిపోయి ఉంది, అది పండగ అయ్యాక గానీ రాదు. చూస్తుండగా పొద్దు వాలింది.

"రేపు ఆయుధ పూజ గదండీ. పానాలన్నీ కడిగి అమ్మోరి ముందు ఎట్టేయాల. పూజలో ఎట్టినాక దశమి పొద్దున్న దాకా ముట్టకూడదు. ముట్టితే ఏడాదంతా సేతికి పని రాదు. ఎల్లుండి తీసినాక మొదటి పని మీదే" అన్నాడు పైడయ్య.

జగ్గరాజు సరేనన్నాడు. ఆయనకి పూజల మీద పెద్ద నమ్మకం లేదు. ఎదుటివాడి నమ్మకాన్ని కాదనేంత మోటుదనమూ లేదు. అక్క చెప్పిందని తన సొంత పానాల పెట్టెకి కూడా గంధం రాసి దేవుడి గదిలో పెట్టించాడు. కారు ఎక్కడికీ పోదు కదా అనుకున్నాడు. చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టించాడు. ఇంతవరకు ఎవరూ ఏ తప్పూ చేయలేదు. గాలి సంగతి అందరికీ తెలుసు, జాగ్రత్తా అందరికీ ఉంది.

మర్నాడు నవమి. పైడయ్య తలంటు పోసుకుని, కొత్త చొక్కా వేసుకుని, బూడిదగుమ్మడికాయ చంకన పెట్టుకుని వచ్చాడు. కారును పోర్టికోలో నిలబెట్టి ఉంచారు. పోర్టికో నుంచి గేటు దాకా సిమెంటు బాట, బాటంతా దిగుడే. కారు ముక్కుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు. హారతి ఇచ్చారు. పైడయ్య గుమ్మడికాయను కారు చుట్టూ తిప్పి, బాట మధ్యలో బద్దలు కొట్టాడు. కుంకుమ కలిసిన ఎర్రటి గుజ్జు సిమెంటు మీద చిందింది. నాకు ఎవరూ బొట్టు పెట్టలేదు. కింద ఉన్నవాణ్ణి ఎవరు చూస్తారు?

అప్పుడు తోచింది పైడయ్యకి. "బండి నిమ్మకాయలు దాటాల బాబుగారూ. పూజ సేసిన బండిని దాటించకండా వొగ్గేస్తే అరిష్టం."

"బ్రేకు లేదు కదయ్యా" అన్నాడు జగ్గరాజు.

"ఇంజనెందుకండీ? సేత్తో తోసీండి. నిమ్మకాయ నలిగితే సాలు, రెండడుగులు. నాను ముందర ఇటిక అట్టుకుని ఉంటాను. నలగ్గానే సక్రం కింద ఎట్టేస్తాను."

జగ్గరాజు బాట వంక చూశాడు, గేటు వంక చూశాడు. ఓడల్లో ఇంజన్లు నడిపిన మనిషికి ఆ దిగుడు ఏం చెబుతుందో తెలియదా? తెలుసు. వద్దందామని నోరు తెరిచాడు. ఈలోగా రత్నాయమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి తలుపు తీసుకుని లోపల కూర్చుంది. కారులో ఆ తలుపెక్కడుందో తెలుసుకోవడానికి ఆవిడకి కళ్లతో పని లేదు.

"దిగక్కయ్యా. రేపు గాలి తీసేశాక బీచి రోడ్డు మీద నడుపుదువుగాని."

"రేపటికి ఈ కాస్తా కనిపిస్తుందని నీకెవరు చెప్పార్రా? తొయ్యి. రెండడుగులే కదా. నాకిది చాలు."

ఆవిడ గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్లయిందో. ఆయన నోరు మూసుకున్నాడు. ఆ పాదం పెడలు మీదికి వచ్చి నిలిచింది. ముసలి పాదం, తేలికైపోయింది, అయినా గుర్తుపట్టాను. నేనూ సంతోషించాను. ఆయిలు నిండుగానే ఉంది, కప్పు కొత్తది, గొట్టం నున్నగా ఉంది. వెనక పైపుల్లో గాలి మాత్రం అలాగే ఉంది. నాకు నోరుంటే అరిచేవాణ్ణి. ఆ నోరు ఉన్నవాళ్లు ముగ్గురున్నారు అక్కడ.

ఇటుకలు తీశారు. జగ్గరాజు వెనక నుంచి తోశాడు. నిమ్మకాయలు చిట్లాయి. ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. పైడయ్య ఇటుక పట్టుకుని చక్రం వైపు వంగాడు, కాలు గుమ్మడికాయ గుజ్జు మీద పడింది. జారి వెల్లకిలా పడ్డాడు, ఇటుక ఎటో దొర్లిపోయింది. కారు ఆగలేదు.

ఆవిడ నన్ను తొక్కింది. తండ్రి నేర్పినట్టే మెత్తగా మొదలుపెట్టి, గట్టిగా, ఒక్కసారి తొక్కి పట్టుకుంది. నేను తోయాల్సినంతా తోశాను. వెనక పైపుల్లో గాలి దాన్ని ఇంచుమించు అంతా మింగేసింది. పెడలు నేలకి ఆనింది. వదిలి మళ్లీ మళ్లీ తొక్కితే ఎంతో కొంత పట్టు దొరికేది. జగ్గరాజు వెనక నుంచి "వదిలి తొక్కు! మళ్లీ తొక్కక్కయ్యా!" అని గొంతు చించుకున్నాడు. ఆ పాదానికి వదలడం చేతకాదు. ఆగేదాకా పట్టుకునే ఉండాలి.

పైడయ్య లేచాడు. పక్కకి దూకడానికి చోటుంది. దూకితే బతికేవాడు. దూకలేదు. కారు గేటు పగలగొట్టుకుని రోడ్డు మీద పడుతుందనుకున్నాడో, అమ్మగారికి ఏమవుతుందనుకున్నాడో, రెండు చేతులూ కారు ముక్కు మీద ఆనించి ఆపబోయాడు. పసుపు మీద చేతులు జారుతున్నాయి. వెనక్కి వెనక్కి వెళ్లాడు. గేటు స్తంభం దాకా వెళ్లాడు. అక్కడ కారు ఆగింది.

రత్నాయమ్మకి పక్కలన్నీ చీకటి. ఎదురుగా ఉన్నది మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ స్పష్టంగా కనిపించేచోట పైడయ్య మొహం ఉంది. జగ్గరాజు పరుగెత్తుకొచ్చి, కారును వెనక్కి లాగబోతే కదల్లేదు. ఆవిడ పాదం నన్ను ఇంకా తొక్కి పట్టుకునే ఉంది, దొర్లే కారును ఆపలేకపోయిన ఆ కాస్త పట్టు ఆగిన కారును మాత్రం కదలనివ్వలేదు. వంగి, ఆ కాలును రెండు చేతులతో పైకెత్తాల్సి వచ్చింది.

పైడయ్య ఆసుపత్రి చేరేలోపే పోయాడు.

ఆ తర్వాత జరిగినవి మీరు ఊహించగలరు. పోలీసులు వచ్చారు, కారును స్టేషను ఆవరణలోకి లాక్కెళ్లారు. నన్ను విప్పి పరీక్షించారు. పేపర్లో ఒక మూల "బ్రేకు ఫెయిలై మెకానిక్కు మృతి" అని పడింది. బంధువులు వచ్చి తలా ఒక మాట అన్నారు. నిమ్మకాయలు వాడిపోయినవి పెట్టారని ఒకరు, గుమ్మడికాయ సరిగ్గా పగల్లేదని ఒకరు, దొర ఉసురు తగిలిందని ఒకరు. దొర సంతోషంగా ఇంటికి వెళ్లినవాడని వాళ్లకి తెలియదు. కారులో దోషం ఉందన్నారు, బ్రేకులో లోపం ఉందన్నారు, బాగుచేసినవాడి పనితనం అంతేనన్నారు. చనిపోయినవాడు వచ్చి కాదనడు కదా. చివరికి పొరపాటున జరిగిన ప్రమాదమని తేల్చి కేసు మూసేశారు. కారును జగ్గరాజు వెనక్కి తీసుకోలేదు. నన్ను మాత్రం ఎందుకో గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి వరండా బల్ల మీద పెట్టాడు.

ఆ రోజే పైడయ్య భార్య నూకాలు వచ్చింది. రత్నాయమ్మ కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, మెట్టు మీద కూర్చుంది. జగ్గరాజు ఏదో సాయం సంగతి ఎత్తబోతే చేత్తో వారించింది.

"నాను దానికి రానేదు బాబుగారూ. షాపు ఖాళీ చెయ్యమంతన్నారు. పానాలు ఇంకా అమ్మోరి కాడే ఉన్నాయి. ఆటి బొట్లు ఎండిపోయి రాలిపోతన్నాయి. తీసీవోడే నేకండా పోనాడు." ఆవిడ కొంగు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. "ఒక్క మాట అడగడానికి వొచ్చాను. ఆయన బాగుసేసిన బ్రేకు పాడైపోనాదని ఊరంతా అంతన్నారు. షాపుకాడ కుర్రోళ్లు కూడా అంతన్నారు. ఆయన సేసింది సెడిపోద్దా అమ్మా? మీరు సదువుకున్నోళ్లు. అదొక్కటీ సెప్పండి, ఎల్లిపోతాను."

బల్ల మీద నేనున్నాను. నా లోపల ఇత్తడి గొట్టం మెరుస్తూనే ఉంది, కప్పు చెక్కుచెదరలేదు. ఆ మాట చెప్పడానికి ఇంజనీరే కానక్కర్లేదు. అయితే బ్రేకు బాగానే ఉందంటే, మరి ఎందుకు పోయాడని ఆవిడ అడుగుతుంది. అప్పుడు ఇటుకలు ఎవరు తీశారో చెప్పాలి. దిగనన్నది ఎవరో చెప్పాలి. వద్దనబోయి నోరు మూసుకున్నది ఎవరో చెప్పాలి. జగ్గరాజు తల దించుకున్నాడు. రత్నాయమ్మ పమిట అంచు వేళ్లకి చుట్టుకుంటూ ఉండిపోయింది. నూకాలు కొంతసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ మౌనాన్ని తనకి తోచినట్టు అర్థం చేసుకుంది. "సరేనమ్మా" అని కొంగు భుజం మీదికి లాక్కుని మెట్లు దిగిపోయింది. భర్త చేసిన పని చెడిపోయిందనే నమ్ముతూ వెళ్లింది. ఎంత అన్యాయం! నాకు తలుపు కింద పడి ఉన్న రోజుల్లో కూడా అంత సిగ్గు కలగలేదు.

మర్నాటి నుంచి రత్నాయమ్మ చుక్కల మందు మానేసింది. జగ్గరాజు బతిమాలాడు, కోప్పడ్డాడు, డాక్టరును ఇంటికే పిలిపించాడు. "వేసుకుంటాను లేరా" అని సీసా అందుకునేది, కిటికీలో పెట్టేసేది. నన్ను తెమ్మని అడిగి తన గదిలో ఆ కిటికీలోనే పెట్టించుకుంది. మూత తీయని సీసాలూ నేనూ పక్కపక్కన ఉండేవాళ్లం. గొట్టంలోంచి చూసే ఆ చివరి చూపు రోజురోజుకీ సన్నగిల్లింది. ఆ సన్నటి చోట ఎప్పుడూ ఎవరి మొహం ఉండేదో నాకు తెలుసు. దాన్ని వదిలించుకోవడానికి ఆవిడ చూపునే వదులుకుంటోందని నేననుకునేవాణ్ణి. కళ్లు పోయినా అది పోదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేది కాదు.

చూపు పూర్తిగా పోయిన తర్వాత ఒక ఉదయం జగ్గరాజు కాఫీ తెచ్చి ఆవిడ చేతికి అందించాడు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, కిటికీ అంచు తడుముకుంటూ వచ్చి నన్ను పట్టుకుంది. ఒళ్లో పెట్టుకుని, నా చివర బొటనవేలితో వెతికి, పిస్టనును లోపలికి నొక్కింది. వేలు తీసింది. పిస్టను తిరిగి యథాస్థానానికి వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ వచ్చింది.

"ఇది బాగానే పనిచేస్తోంది కదరా, జగ్గూ" అంది.

"అవునక్కయ్యా."

"నూకాలుకి చెప్పావా ఈ మాట?"

జగ్గరాజు చప్పుడు చేయకుండా చల్లారిపోతున్న కాఫీ గ్లాసు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన గదిలో లేడని ఆవిడకి తెలియదు. నన్ను పట్టుకుని జవాబు కోసం చూస్తూ కూర్చుంది.